బావను దాచిపెట్టిన వైద్యం

మా బ్లాకు ఆఫీసులో పనిచేసినవాళ్ళు ఏ పెళ్ళిలో కలిసినా నా గురించి ఒక కథ చెబుతారు. పిడుగురాళ్ల క్వారీలో మతి చెదిరిన మనిషిని ముఖ్యసేవికగారు ఒకే ఒక్క ఎత్తుతో బాగుచేసిందట. చచ్చాడనుకుంటున్న మనిషిని దాచి ఉంచి, అదను చూసి జీపు ముందు నిలబెట్టి, ఆ అదురుతో రోగి బుర్రను దారిలో పెట్టిందట. కాలేజీ చదువంటే అదీ అట. మా బి.డి.ఓ. గారు ఈ కథను ఒక మీటింగులో నా ఎదురుగానే చెప్పారు. నేను లేచి, "అలా జరగలేదండీ" అన్నాను. "చూశారా, ఎంత వినయమో" అన్నారాయన. నన్నెరిగినవాళ్ళలో నాకు వినయం అంటగట్టిన మనిషి ఆయన ఒక్కరే.

ఎత్తు లేదు, అదనూ లేదు. దాచిన మాట మాత్రం నిజం. దాచినందువల్ల అతను బాగుపడలేదు, ఇంకా చెడ్డాడు. కొత్తగా ఉద్యోగాల్లో చేరుతున్న అమ్మాయిలు, అందులోనూ చదువు మీద నాకున్నంత నమ్మకం ఉన్నవాళ్ళు, అసలు జరిగింది వింటే మంచిది. పేర్లు చెప్పను. అందరూ ఇంకా ఆ చుట్టుపక్కలే ఉన్నారు, నోళ్ళూ ఉన్నాయి.

బ్లాకులు కొత్తగా పెట్టిన రోజులవి. ముఖ్యసేవిక అంటే పల్లెల్లో మహిళా మండలులు పెట్టించాలి, పసిపిల్లలకు పాలపొడి పంచాలి, పొగరాని పొయ్యిలు వేయించాలి. నేను వేయించిన పొగరాని పొయ్యిల్లో నిజంగా పొగ రానివి, ఎవరూ వెలిగించనివి మాత్రమే. గుంటూరులో బి.ఏ. చదివాను. అందులో మనస్తత్వశాస్త్రం ఒక పేపరు. ఆ పేపర్లో క్లాసు మొత్తానికి మొదటి మార్కు నాది. ఈ సంగతి అడిగినవాళ్ళకు చెప్పేదాన్ని, అడగనివాళ్ళకు ఇంకొంచెం వివరంగా చెప్పేదాన్ని.

పిడుగురాళ్ల దగ్గర సున్నపురాయి క్వారీలు. మా పరిధిలోని ఒక క్వారీలో మధ్యాహ్నం అన్నాల వేళకు మందు పేల్చేవాళ్ళు. రాతిలో వరసగా గుంతలు తొలిచి, మందు కూరి, వత్తులు అంటించి అందరూ దూరం పోతారు. దిబ్బ మీద ఒక మనిషి ఎర్రగుడ్డ పట్టుకుని నిలబడతాడు. ఎన్ని గుంతలు కూరారో అన్ని గులకరాళ్ళు అతని గుప్పిట్లో ఉంటాయి. ఒక్కో పేలుడుకు ఒక్కో రాయి వదులుతాడు. గుప్పిట ఖాళీ అయ్యాక "రావొచ్చో" అని కేకేస్తాడు. ఆ కేక వినపడందే మేస్త్రీ కూడా అడుగు వేయడు. నేను చెబుతున్నది ఆ కేకల మనిషి గురించే. ఆదివారం చర్చిలో అతను పాట అందుకుంటే పాస్టరుగారు కూడా ఆపి వినేవారట. అంత గొంతు.

ఆ రోజు కూరినవి ఏడు గుంతలు. అతను ఏడు పేలుళ్ళు విన్నాడు, ఏడు రాళ్ళు వదిలాడు, కేక వేశాడు. అతను విన్న ఏడింటిలో ఒకటి పక్క క్వారీలో పేలింది. పని మొదలంటే అందరికంటే ముందు దిగడం అతని బావకు, అంటే అక్క భర్తకు, అలవాటు. దిగాడు. మిగిలిపోయిన గుంత అప్పుడు పేలింది. ప్రాణం దక్కింది గాని కుడికాలు మోకాటి కింద నుంచి పోయింది. లారీలో వేసి గుంటూరు ఆసుపత్రికి తీసుకుపోయారు.

కేకల మనిషికి ఒంటిమీద చిన్న గీత కూడా పడలేదు. అందరూ అదే అదృష్టమన్నారు. మూడో రోజున భార్య రోట్లో కారం దంచి రోకలి పక్కన పెట్టబోతే చెయ్యి పట్టుకుని, "ఆగు. ఇంకోటుంది" అన్నాడు. ఆ రోజు నుంచి చప్పుడన్నది ఏదైనా సరే, తలుపైనా, పళ్ళెమైనా, దాని వెనక ఇంకోటి మిగిలి ఉందని అతని నమ్మకం. లారీ టైరు పేలితే మంచం కింద దూరేవాడు. ఒకరోజు మాచర్ల బస్సుకు అడ్డం నిలబడి చేతులు చాచాడు.

"ఎక్కుతావా, దిక్కులు చూస్తావా? ఏందయ్యా నీ గోల?" అన్నాడు కండక్టరు.

"ఇంకోటుంది. పోనీయొద్దు."

వెనక ఇంకో బస్సు ఖాళీగా వస్తోందని సగంమంది ప్రయాణికులు దిగిపోయారు. కండక్టరు వచ్చి మా ఆఫీసులో ఫిర్యాదు చేశాడు. బస్సులు మా శాఖ కాదని చెప్పినా వినలేదు, గవర్నమెంటంతా ఒకటే అన్నాడు.

చుట్టాలు దర్గాకు తీసుకుపోయి తాయెత్తు కట్టించారు. పాస్టరుగారు ఉపవాస ప్రార్థన పెట్టారు. ఆ ఉపవాసం అందరికంటే ఇతనే బాగా చేశాడు, ఆ తర్వాత కూడా ఆపలేదు. హెల్త్ సెంటరు డాక్టరు నిద్రకు మందు రాసిచ్చాడు. సీసా చేతికిస్తూ కాంపౌండరు మూత గట్టిగా బిగించి టక్కుమని బల్ల మీద పెట్టాడు. ఇతను "ఇంకోటుంది" అన్నాడు. "ఒకటే రాశారయ్యా, ఆశకు అంతుండాలి" అన్నాడు కాంపౌండరు.

అప్పుడు నేను దిగాను.

పల్లెలో మీటింగు పెట్టాను. దెబ్బ తిన్న మనసును ఆ దెబ్బ గుర్తు చేసేవాటన్నిటికీ దూరంగా ఉంచాలని చెప్పాను. ఇది ఏ పుస్తకంలోనూ ఇలా లేదు. నేను చదివినదాన్ని నాకు తోచినట్టు సాగదీశాను. క్వారీ మాట అతని ముందు ఎత్తొద్దన్నాను. తప్పు నీది కాదని వీలు దొరికినప్పుడల్లా చెప్పమన్నాను. అన్నిటికంటే ముఖ్యంగా, బావ ఆసుపత్రి నుంచి తిరిగొచ్చాక ఇతని కంట పడనీయొద్దన్నాను. కాలు లేని మనిషిని చూస్తే మిగిలిన కాస్త మతీ పోతుందని నా వాదన.

అతని భార్య వెనక వరసలో కూర్చుని ఉంది. "రాంగానే అన్నయ్యని ఒకసారి చూపిద్దామమ్మగారూ" అంది. "తిట్టుకున్నా కొట్టుకున్నా ఆళ్ళిద్దరూ ఒక కంచంలో తిన్నోళ్ళు."

"నువ్వు మనస్తత్వశాస్త్రం చదివావా?" అన్నాను.

"లేదండి. ఆయనతో పన్నెండేళ్ళు కాపరం చేశా."

అందరూ నవ్వారు. నేనూ నవ్వి, చెయ్యి ఊపి కూర్చోబెట్టాను. ఆ చెయ్యి ఊపడం గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

మనం చెప్పింది పల్లెవాళ్ళు వినరని మా ఆఫీసులో రోజూ ఏడ్చేవాళ్ళు. పొయ్యిల సంగతి వినలేదు, మరుగుదొడ్ల సంగతి వినలేదు. ఈ ఒక్క సంగతి విన్నారు, అతని ఖర్మ కొద్దీ. తెల్లారి పాలామె చెంబు వంచుతూ, "పావు పొయ్యనా, తప్పు నీది కాదులే అన్నా, అరసేరు పొయ్యనా?" అనేది. మంగలి సగం గడ్డం గీసి కత్తి ఆపి, "తప్పు నీది కాదురా అబ్బాయ్, దవడ ఇటు తిప్పు" అనేవాడు. ఒకసారి కుండలమ్ముకునే కొత్త మనిషి వస్తే అతనికి కూడా ఎవరో ముందే చెప్పి పంపారు. అతను కుండ మీద వేలితో కొట్టి, మోగించి చూపించి, "మంచి మట్టయ్యా. తప్పు నీది కాదంటగా" అన్నాడు. కుండ మోగేసరికి ఇతను మంచం కిందకు పోయాడు.

నేను వారానికోసారి వెళ్ళి చూసేదాన్ని. మనిషి చిక్కిపోతున్నాడు. నా పద్ధతి ఇంకా పూర్తిగా అమలు కావడం లేదని, ఇంకొంచెం గట్టిగా అమలు చేయమని చెప్పి వచ్చేదాన్ని. ప్రభుత్వోద్యోగంలో ఏ పథకం చెడినా మాకు తోచే మందు అదొక్కటే.

రెండు నెలలకు బావ ఊళ్ళోకి వచ్చాడు. రెండు సందుల అవతలే అతని ఇల్లు. నా ఆర్డరు ప్రకారం తలుపు వేసి లోపల ఉంచారు. కేకల మనిషి కనపడినవాళ్ళనల్లా "మా బావేడి?" అని అడిగేవాడు. అందరికీ ఒకే జవాబు నేర్పాలన్న ఇంగితం నాకు లేకపోయింది. ఒకరు ఇంకా గుంటూరులోనే ఉన్నాడన్నారు. ఒకరు నూజెండ్లలో చుట్టాలింటికి పోయాడన్నారు. మేస్త్రీ అందరికంటే ఘనుడు, దాచేపల్లిలో సున్నపు బట్టీలో పనికి కుదిరాడని చెప్పాడు. కాలు పోయిన మనిషి ఒకే వారంలో మూడు ఊళ్ళు తిరిగాడు.

అక్క వచ్చి తమ్ముణ్ణి చూసి పోతుండేది. అతని ముందు ఏడవొద్దు, నవ్వొద్దు, క్వారీ ఊసెత్తొద్దు అని ఆమెకు నేనే చెప్పాను. మా ఇళ్ళల్లో అయితే ఆడమనిషి నుదురు చూస్తే భర్త ఉన్నదీ లేనిదీ తెలుస్తుంది. వాళ్ళు క్రైస్తవులు, పెళ్ళినాడు కూడా బొట్టు లేదు. రాయి కొట్టే చేతులకు గాజులు లేవు. మెడలో ఉన్న పుస్తె ఆసుపత్రి ఖర్చులకు పోయింది. ఆ బోసిమెడతో, రాయి లాంటి మొహంతో వచ్చి ఎదురుగా కూర్చుని, "మీ బావ బాగుండాడురా" అని లేచిపోయేది. ఆ మెడ నేనూ చూశాను. నాకేమీ తోచలేదు.

నాలుగో నెల దాటేసరికి అతను గంజి కూడా ముట్టడం మానేశాడు. ఇక మన వల్ల కాదు, విశాఖపట్నం పిచ్చాసుపత్రికి పంపాలని డాక్టరు ఉత్తరం రాశాడు. గుంటూరులో రైలెక్కించడానికి మా బి.డి.ఓ. గారు జీపు ఇచ్చారు. సోమవారం పొద్దున ప్రయాణం.

ఆదివారం అతని భార్య మా ఆఫీసు క్వార్టరుకు వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఆడికి పోయినోళ్ళు తిరిగొస్తారా అమ్మగారూ?"

"ఎందుకు రారు?"

"మీకు తెలిసినోళ్ళు ఎవరన్నా వచ్చారా?"

నేను డాక్టరు ఉత్తరం తీసి మళ్ళీ చదవడం మొదలుపెట్టాను. ఆమె అది చూసి, "సరే, చొక్కా ఉతకాలి" అని వెళ్ళిపోయింది.

సోమవారం నేను జీపులో వెళ్ళేసరికి పల్లె పల్లెంతా సందులో ఉంది. అతణ్ణి పట్టి ఎక్కించాల్సి వస్తుందని ఇద్దరు మనుషులను కూడా తీసుకెళ్ళాను. అవసరం పడలేదు. స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని, బైబిలు చంకలో పెట్టుకుని తనంతట తనే బయటికొచ్చాడు. ఒక్కొక్కరికీ దండం పెట్టాడు. నాలుగు నెలల్లో అంత నెమ్మదిగా అతణ్ణి ఎప్పుడూ చూడలేదు. నా పద్ధతి పనిచేసిందనే అనుకున్నాను, కొంచెం ఆలస్యంగా.

జీపు ఎక్కి కూర్చుని డ్రైవరు వైపు తిరిగి, "సంకెళ్ళు ఎయ్యరా?" అన్నాడు.

"దేనికి, జీపుకా?" అన్నాడు డ్రైవరు.

"నాకు."

నేను దగ్గరికి వెళ్ళాను. "నీకెందుకయ్యా సంకెళ్ళు?"

"మనిషిని చంపినోణ్ణి గదమ్మగారూ. ఇన్నాళ్ళూ ఎదురు చూస్తన్నా, పోలీసులు ఎందుకు రావట్లేదా అని."

"మీ బావ చచ్చిపోయాడని ఎవరు చెప్పారు నీకు?"

"ఎవురూ చెప్పలా. అందరూ బతికుండాడనే చెప్పారు. అందుకే తెలిసిపోయింది." వేళ్ళు మడిచి చూపించాడు. "గుంటూరంట. నూజెండ్లంట. దాచేపల్లంట. బతికున్నోడు ఒకచోటన్నా ఉండాలి గదమ్మా. మా అక్క మెడ చూశా. మీరంతా కలిసి తప్పు నాది కాదు, నాది కాదు అంటంటే, ఇంతమంది పనిగట్టుకుని చెప్తన్నారంటే ఎంత ఘోరం చేశానో అనుకున్నా."

మేస్త్రీ తలగుడ్డ సర్దుకున్నాడు. నేను కేకల మనిషి మొహం చూడలేక జీపు బోనెట్టు చూస్తూ నిలబడ్డాను.

సందు చివర గొడవ మొదలైంది అప్పుడే. ముందు ఒక నులకమంచం కనపడింది, నిలువుగా, తనంతట తను నడిచి వస్తున్నట్టు. ఇద్దరు ఆడవాళ్ళు దాన్ని అడ్డం పట్టుకుని వెనక్కి వెనక్కి నడుస్తున్నారు. మంచం పైన ఒక తల, కింద ఒక కాలూ ఒక కర్రా. బామ్మర్దిని పంపించేస్తున్నారని తెలిసి బావ తలుపు తీసుకుని వచ్చేశాడు. మంచం పట్టుకున్నావిడ, "లోపలికి పో అన్నా, ముఖ్యసేవికమ్మ తిడతది. కనపడగూడదంట" అని బతిమాలుతోంది. మంచం నులక సందుల్లోంచి మనిషి మొత్తం కనపడుతూనే ఉన్నాడు.

ఇక్కడే నేను సైగ చేశానని కథలో చెబుతారు. నేను చేసిందేమిటో చెబుతాను. రెండు చేతులూ చాచి బావకు అడ్డంగా పరిగెత్తాను. బతికున్నాడని చూపించడం తప్ప ఇక వేరే మందు లేదని ఆ క్షణాన నాకు తెలుసు. తెలిసీ పరిగెత్తాను. నాలుగు నెలల అలవాటు.

"ఇప్పుడు కాదు, ఇప్పుడు కాదు" అన్నాను.

"పక్కకి జరగండమ్మా" అన్నాడతను. "ఒంటికాలోణ్ణి. పడితే మీ మీదే పడతా. ఊళ్ళో ఇంకో కథ పుడద్ది."

జరిగాను. ఆ కేసులో నేను చేసిన వైద్యం మొత్తం అదే.

అతను జీపు దాకా వచ్చి కర్ర మీద ఆనుకుని ఊపిరి తీసుకున్నాడు. "ఏరా బామ్మర్దీ. నేను చచ్చానంటనే?"

కేకల మనిషి చెయ్యి చాచి కర్రను ముట్టుకున్నాడు. కర్ర పట్టుకున్న వేళ్ళను ముట్టుకున్నాడు. తర్వాత మోకాటి దగ్గర మడిచి కట్టిన పంచె వైపు చూశాడు.

"బాగా చూసుకో. ఎవురు చేశారు ఇది?"

తప్పు అతనిది కాదని అనబోయాను. బావ నా వైపు చూడకుండానే ఒక చెయ్యి ఎత్తి ఆపాడు.

"నువ్వు రావొచ్చో అన్నావు. నేనొచ్చా. తప్పు నీది కాకపోతే ఎవురిది, నాదా? పాలమ్మేదానిదా?"

"మధ్యలో నేనేం చేశా" అంది వెనక నుంచి పాలామె.

"నాదే బావా" అన్నాడు కేకల మనిషి.

"వినపళ్ళా. క్వారీ అంతటికీ వినపడే గొంతేగా నీది."

"నాదే."

"ఆఁ. నీదే. దానికి నువ్వు చేయాల్సింది చానా ఉండాది, పిచ్చాసుపత్రికి పోతే ఎట్టా కుదురుద్ది? నన్ను బావి కాడికి ఎవుడు మోస్తాడు, మీ అక్కా?"

అప్పుడు ఏడ్చాడు. నాలుగు నెలల్లో మొదటిసారి, నోరు తెరిచి, క్వారీ అంతటికీ వినపడేట్టు. బావ కొంచెంసేపు ఏడవనిచ్చి, "ఏడుపు మిగిలింది తర్వాత చూసుకుందాం, దిగు" అన్నాడు. "చెప్పులోడు ఒక్క చెప్పు కుట్టనంటన్నాడు. కుడితే జతే కుడతాడంట. రెండోది ఏం చేసుకోవాల్రా, నెత్తిన పెట్టుకోవాలా? రెండ్రోజుల్నుంచి మీ అక్కని పంపిస్తన్నా, దానికి నోరు చాలట్లా. నువ్వొచ్చి మాట్లాడు."

అతను బైబిలు భార్యకిచ్చి జీపు దిగాడు. ఇద్దరూ సందులో నడిచి పోతుంటే డ్రైవరు, "మరి రైలు సంగతేందమ్మా?" అని అడిగాడు.

"నువ్వెక్కి పో" అంది భార్య.

ఆ క్షణంలో జబ్బు కుదిరిపోయిందని కూడా కథలో ఉంది. అదీ అబద్ధం. ఆ నెలలోనే లారీ టైరుకు మూడుసార్లు మంచం కింద దూరాడు. కాకపోతే ఇప్పుడు బావ వచ్చి కర్రతో మంచం కింద పొడిచి, "వచ్చేటప్పుడు నా చుట్ట పడింది చూడు, అది కూడా తీసుకురా" అనేవాడు. తిండి మొదట బావ ఇంట్లో, బావ కంచంలోనే మొదలుపెట్టాడు. బావను వీపు మీద బావి దగ్గరికి మోశాడు, చర్చికి మోశాడు. నీళ్ళు చల్లారినా, కూరలో ఉప్పు తక్కువైనా, "తప్పు నీదేరా" అనేవాడు బావ. ఇతను నవ్వేవాడు. ఇంకోటుందన్న మాట ఎప్పుడు ఆగిపోయిందో ఎవరూ గమనించలేదు. ఏడాది పట్టింది అంతా కలిపి. మళ్ళీ దిబ్బ మాత్రం ఎక్కలేదు.

తప్పు నిజంగా అతనిదేనా అని ఎవరైనా నన్ను వాదనకు పిలిస్తే ఇప్పటికీ సిద్ధమే. రెండు క్వారీలు ఒకే వేళకు పేల్చడం యజమానుల తప్పు. ఆ సంగతి మీద నేను కాగితాల మీద కాగితాలు పెట్టి వేళలు మార్పించాను. ఆ ఉద్యోగంలో నేను చేసిన పనికొచ్చే పని అదొక్కటే. కానీ న్యాయంగా ఎవరిది ఎంత అన్న లెక్క ఆ మనిషికి అప్పుడు అక్కరలేదు. తను చేసిన దాన్ని అవునని చెప్పి, చెప్పాక కూడా పక్కనే కూర్చునే మనిషి ఒకడు కావాల్సి వచ్చాడు. ఇది అతని భార్యకు మొదటి రోజే తెలుసు. నాకు బి.ఏ. ఉంది కనుక ఆలస్యమైంది.

ఉన్నదున్నట్టు రిపోర్టు రాసి బి.డి.ఓ. గారికి ఇచ్చాను. ఆయన అందులోంచి నా తప్పులన్నీ కొట్టేసి, మిగిలిన దాన్ని పైకి పంపారు. ఒకటిన్నర పేజీ మిగిలింది.

నన్ను తొలిచేది ఆయన కొట్టేసిన భాగం కాదు. నేను రాయని భాగం. ఎన్నో పేజీల రిపోర్టులో కేకల మనిషి నిద్ర, తిండి, చెమటలు, ఉలికిపాట్లు అన్నీ వారం వారం ఉన్నాయి. బావ గురించి ఉన్నది ఒక్క వాక్యం, కుడికాలు పోయినదని. పేలింది అతని కాలి కింద. ఆ మీదట రెండు నెలలు అతణ్ణి అతని ఇంట్లోనే తలుపేసి కూర్చోబెట్టాను, తను కనపడితే ఇంకొకరికి ప్రమాదమని చెప్పి. అతనికి ఎలా ఉందో ఒక్కసారి అడగలేదు.

ఉద్యోగం వదిలేసే ముందు వెళ్ళి అడిగాను. అప్పటికి దిబ్బ మీద ఎర్రగుడ్డ పట్టుకుని కేకలేసే పని అతనికే ఇచ్చారు. "నీకు భయం వేయలేదా, అప్పుడుగాని, ఇప్పుడుగాని?" అన్నాను.

"నాకు తీరికేదమ్మా" అన్నాడు. "మతి పోవడం ఇంటికొకళ్ళకే. ఆ వంతు మా బామ్మర్ది ముందే తీసేసుకున్నాడు." తనే గట్టిగా నవ్వాడు. నేనూ నవ్వాను. వాకిట్లో బియ్యం చెరుగుతున్న అతని భార్య నవ్వలేదు. చేట ఆపి నా వైపు ఒకసారి చూసి, లేచి లోపలికి వెళ్ళిపోయింది.

వెనకే వెళ్ళి ఆమెను అడగాల్సింది. బస్సుకు వేళయిందని వచ్చేశాను. అందుకని ఇక్కడ అడుగుతున్నాను, ఆ పల్లె వాళ్ళెవరన్నా ఇది చదివితే ఆమెను అడిగి కనుక్కుని చెప్పండి. నేను వేయించిన ఆ తలుపు వెనక, నవ్వించడానికి ఎదురుగా ఎవరూ లేని ఆ రెండు నెలలు, అతను ఎలా ఉన్నాడు?